మపుట్సో మనకెందుకు అనుకోవద్దు

ఎడిటర్ గారికి,

2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ తమ పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో మాట్లాడుతూ లెసోతో అనే దేశం పేరు ఎవరూ విని ఉండరన్నాడు. టీవీలో చూసి నేనూ నవ్వాను. నెల తిరక్కుండానే ఆ పేరు వినని దేశం మీదే 50 శాతం సుంకం ప్రకటించాడు. మన పేపర్లలో అదొక మూల వార్త.

ఆ దేశానికి నాలుగు వైపులా దక్షిణాఫ్రికాయే, జనం 23 లక్షలకు అటూ ఇటూ. అక్కడ లెరీబె జిల్లాలో మపుట్సో అనే ఊరుంది, నది దాటితే పరాయి దేశం. ఒకప్పుడు అక్కడి మగవాళ్లు లక్షకు పైగా దక్షిణాఫ్రికా బంగారు గనులకు పోయి డబ్బు పంపేవాళ్లు. గనుల్లో పని తగ్గింది. 2000లో అమెరికా సుంకం లేకుండా సరుకు తీసుకుంటామని చట్టం చేశాక కుట్టు ఫ్యాక్టరీలు పెరిగాయి, ఆడవాళ్ల జీతంతో ఇళ్లు నడిచాయి. గుడ్డ బయటిది, యజమానులు చాలావరకు తైవాన్, చైనా వాళ్లు, కొనేది అమెరికా. ఊరిది అనడానికి కుట్టే చేతులే. సుంకం అనగానే ఆర్డర్లు ఆగాయి, కార్మికుల్ని ఇంటికి పంపేశారు. ఆగస్టులో దాన్ని 15 శాతానికి తగ్గించారు సరే, వేరే చోటు వెతుక్కున్న కొనుగోలుదారు తిరిగి రావాలి కదా! ఈలోపే, జులైలో, నిరుద్యోగం వల్ల అక్కడి ప్రభుత్వం దేశమంతా విపత్తు స్థితి ప్రకటించింది. మనకైతే తుపాను వస్తేనో కరువు వస్తేనో వాడే మాట అది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నాకు నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మపుట్సో కుట్టు పనిలాగే మా కాయ గుజ్జు కూడా ఎక్కడో ఉన్న కొనుగోలుదారు మీదే ఆధారపడింది. అదే ఏడాది సీజన్‌లో ఒక జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు ట్రాక్టర్ మీదే పడుకున్నాను. ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం కిలోకు 12 రూపాయలన్నారు. పాత గుజ్జే అమ్ముడుపోలేదు, కొత్త కాయ ఎక్కడ పెట్టుకోమంటారని గేటు దగ్గర చెప్పారు. ఆ నిల్వ సంగతి వాళ్లకు ముందే తెలుసు, మాకే కాయ కోశాక తెలిసింది.

మీ బిజినెస్ పేజీలో రోజూ షేర్లు, బంగారం ధరలు వేస్తారు. మన జిల్లా గుజ్జు ఏ దేశానికి ఎంత పోతోందో, గోడౌన్లలో ఎంత మిగిలిందో కూడా వేయండి, అదీ పూత సమయంలోనే.

ఇట్లు,
ఒక మామిడి రైతు,
బంగారుపాళ్యం మండలం, చిత్తూరు జిల్లా