మా నాన్నగారి చికిత్సకు అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఆపరేటరుగా పనిచేస్తున్న మా నాన్నగారికి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు) చికిత్స అందేలా చూసి, మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతులో గాలి దారి మూసుకుపోకుండా చూసే సీపాప్ మిషన్ సమకూర్చిన వారందరికీ మా కుటుంబం తరఫున నమస్కరిస్తున్నాను.

గురకను మా వైపు జబ్బుగా ఎవరూ లెక్కచేయరు. కానీ నాన్నగారి గురక ఉన్నట్టుండి ఆగిపోవడం, ఛాతీ ఎగిరెగిరి పడడం, కాసేపటికి ఉలిక్కిపడి పెద్ద చప్పుడుతో ఊపిరి తీసుకోవడం గమనించిన అమ్మ, దానిని ఫోనులో వీడియో తీసి నల్లగొండలో ఊపిరితిత్తుల డాక్టరు గారికి చూపించింది. బీపీ గురించి, పగటి కునుకుల గురించి ఓపికగా అడిగి, హైదరాబాదులో స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాస ఎలా ఉందో చూసే పరీక్ష) చేయించమని రాసిచ్చిన ఆ డాక్టరు గారికి మొదటి కృతజ్ఞతలు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతోందని, ఇలా కనీసం 10 సెకన్లపాటు శ్వాస ఆగడమో బాగా తగ్గడమో గంటకు 30 సార్లకు చేరితేనే తీవ్రమైన జబ్బుగా పరిగణిస్తారని, నాన్నగారికి 40 దాటిందని, రిపోర్టు ముందు పెట్టుకుని మాకు అర్థమయ్యేలా చెప్పారు. తిరుగుతున్న బెల్టుల పక్కన కునుకు పడితే ఏమవుతుందో మిల్లు పని తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

మిషన్ ఖర్చు మాకు తలకు మించినది. మిల్లు యజమాని జీతం మీద అడ్వాన్సు ఇచ్చారు. నాన్నగారి పదో తరగతి మిత్రులు చందాలు వేసుకున్నారు. హమాలీ అన్నలు మేము అడగకముందే తమ కూలి డబ్బుల్లోంచి తీసి అమ్మ చేతిలో పెట్టారు. వారి రుణం తీర్చుకోగలమని నేను అనుకోవడం లేదు.

డబ్బుతోనే పని పూర్తయ్యేది కాదని తర్వాత తెలిసింది. మొదటి మాస్కు మీసాల దగ్గర గాలి వదిలేయడంతో నాన్నగారు విసిగి పక్కన పెట్టేశారు. అప్పుడు టెక్నీషియన్ తమ్ముడు ఇంటికి వచ్చి, ముక్కుకు మాత్రమే ఆనే చిన్న మాస్కు తెచ్చి, నాన్నగారిని మంచం మీద పడుకోబెట్టి, అటూ ఇటూ ఒత్తిగిలమంటూ పట్టీలు సరిచేశాడు. తేమ కోసం పెట్టే డబ్బాలో మా బోరు నీళ్లు పోస్తే తెల్లటి పొర కడుతుందని, డిస్టిల్డ్ వాటరే పోయాలని అమ్మకు దగ్గరుండి చూపించాడు. కరెంటు పోతే మిషన్ ఆగకుండా తమ ఇన్వర్టరు నుంచి లైను ఇచ్చిన పక్కింటి పెద్దమ్మకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

నాన్నగారు ఇప్పుడు రాత్రంతా మాస్కు పెట్టుకునే నిద్రపోతున్నారు, పగలు కునుకు లేకుండా డ్యూటీ చేస్తున్నారు. డాక్టరు సలహాతో ఈ మిషన్ కొనబోయేవారు ఎవరైనా మా ఇంటికి రావచ్చు. మాస్కు ఎలా పెట్టుకోవాలో, ఎలా కడగాలో నాన్నగారే చూపిస్తారు.