కెమెరా కన్నా ముందు

చిట్టితల్లీ,

వచ్చే ఏడాది నాటక శాఖ వదిలి కెమెరా నటన కోర్సుకి మారతానని రాశావు. వద్దనను. కానీ నీకంత ఇష్టమైన ఇంగ్లిష్ నటుడు ఇయాన్ మెకెల్లెన్ ఏ వరసలో నేర్చుకున్నాడో చూసి అప్పుడు నిర్ణయించుకో. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాల్లో మాంత్రికుడు గాండాల్ఫ్ వేషం కట్టేసరికి ఆయనకి అరవై ఏళ్లు.

ఆయన నటనా పాఠశాలకే వెళ్లలేదు. కేంబ్రిడ్జిలో చదువుతూ నాటకాలాడి, 1961లో కోవెంట్రీలోని బెల్‌గ్రేడ్ థియేటర్‌లో ఉద్యోగంలో చేరాడు. ఆ రోజుల్లో ఊళ్లలోని రెపర్టరీ కంపెనీల్లో రెండు మూడు వారాలకో కొత్త నాటకం. రాత్రి ఒకటి ఆడుతూ పగలు తర్వాతిది రిహార్సల్ చేయాలి. పాత్ర గురించి బెంగపడే తీరికే ఉండదు, మాట నోటికి రావాలి, వెనక వరసకి వినపడాలి.

అసలు పాఠం 1976లో ఆడిన షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్. ట్రెవర్ నన్ దర్శకత్వం, పక్కన జూడీ డెంచ్. స్ట్రాట్‌ఫర్డ్‌లో ది అదర్ ప్లేస్ అనే రేకుల షెడ్డు, మధ్యలో విరామం లేదు, చుట్టూ చేతికందే దూరంలో జనం. అలాంటి చోట అందరూ చేసే తప్పొకటుంది: గొంతు తగ్గించమంటే హల్లుల్ని కూడా తగ్గించేస్తారు, మాట ముద్దయిపోతుంది. తగ్గాల్సింది అచ్చుల జోరు. త, ప, క లాంటివి ఇంకా గట్టిగా పలకాలి. గుసగుస నిలబడేది వాటి మీదే.

ఆ నాటకంలో ‘టుమారో, అండ్ టుమారో, అండ్ టుమారో’ అని మొదలయ్యే స్వగతం తీసుకో. మామూలు పాదానికి పది అక్షరాలు, ఐదు ఊనికలు. మొదటి పాదంలో పదకొండున్నాయి, లెక్కపెట్టు. ఊనిక వరసగా వేసుకుంటూ పోతే రెండు ‘అండ్’ల మీదా పడుతుంది. కొత్తవాళ్లు వాటిని మింగేసి ‘టుమారో’ మీదికి దూకుతారు. అప్పుడు రోజుల ఈడ్పు పోయి, విసుగు మాత్రం మిగులుతుంది. ఇక చివరి పాదం ‘సిగ్నిఫైయింగ్ నథింగ్’ ఆరక్షరాల దగ్గరే ఆగిపోతుంది. మిగతా నాలుగూ నిశ్శబ్దం. దూత వచ్చేదాకా ఆ ఖాళీ నటుడిదే, కంగారుపడి నింపకు. ఇంకొకటి, పాదం చివరి మాట దగ్గర గొంతు జార్చకు, బరువు చాలాసార్లు అక్కడే ఉంటుంది. మన పద్య నాటకంలో పద్యం చివర రాగం తీస్తారు కాబట్టి ఆ మాట పడిపోదు. ఇంగ్లిష్ పద్యానికి ఆ ఆసరా లేదు, ఊపిరితోనే నిలపాలి.

1990లో నేషనల్ థియేటర్‌లో వేసిన షేక్‌స్పియర్ నాటకం ‘మూడో రిచర్డ్’ని ఆయన 1995లో సినిమాగా తెచ్చాడు. మొదటి స్వగతం చూడు. సగం విందులో మైకు ముందు ఉపన్యాసం. మిగతా సగం మూత్రశాలలో, ఒంటరిగా. అద్దంలో మనల్ని గమనించి కెమెరా వైపు తిరిగాక గొంతు, ముఖం రెండూ చిన్నవైపోతాయి. ఒకే ప్రసంగం, రెండు కొలతలు. రంగస్థలం మీద హాలంతటికీ చెప్పిన మాట లెన్సు ముందు ఒక్కరితో చెప్పినట్టుండాలి.

ఇక గాండాల్ఫ్. బండి మీద పొట్టివాడైన ఫ్రోడో ఆయన పక్కనే ఉన్నట్టు కనిపిస్తాడు, నిజానికి ఫ్రోడో చిన్నగా కనపడాలని ఆ నటుణ్ణి వెనగ్గా కూర్చోబెట్టారు. కళ్లు కలవవు. తర్వాత గాండాల్ఫ్ మళ్లీ కనిపించే ‘హాబిట్’ సినిమాలు త్రీడీలో తీశారు, అందులో లోతు తెలిసిపోతుంది గనుక ఆ ఉపాయం చెల్లలేదు. ఆయన్ని ఆకుపచ్చ తెరల సెట్‌లో ఒంటరిగా నిలబెట్టి, కర్రల మీద మరుగుజ్జు పాత్రల ఫొటోలు పెట్టి, ఎవరు మాట్లాడితే వారి దగ్గర దీపం వెలిగించారు. ఆయన అక్కడ ఏడ్చేశాడు. ఎదుటి నటుడి ముఖం చూసి బతికిన మనిషి మరి. ఇలాంటి రోజుకి నువ్వు తయారవ్వాలంటే ఎదుటివారి మాటలూ కంఠతా పట్టు. ఒక్కొక్కరి కళ్ల ఎత్తుకి గోడ మీద గుర్తు పెట్టుకుని సాధన చెయ్యి.

2024 జూన్‌లో ఎనభై అయిదేళ్ల వయసులో షేక్‌స్పియర్ సృష్టించిన లావుపాటి హాస్య పాత్ర ఫాల్‌స్టాఫ్ వేస్తూ, పోరాట సన్నివేశంలో ఆయన లండన్ వేదిక మీంచి కింద పడ్డాడు. లావుగా కనిపించడానికి కట్టుకున్న మెత్తలు చాలావరకు కాపాడాయట. తర్వాతి ప్రదర్శనల్లో ఆ పాత్రని అండర్‌స్టడీ, అంటే అసలు నటుడు రాలేనప్పుడు వేయడానికి పాత్ర నేర్చుకుని సిద్ధంగా ఉండే నటుడు, ఆడాడు. నీకిచ్చిన అండర్‌స్టడీ పనిని చిన్నచూపు చూశావని నీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. మాటలతో పాటు నడకలు, ఖడ్గం తిప్పే లెక్క, దుస్తులు మార్చే చోటు కూడా ఈ వారమే రాసిపెట్టుకో. ఒకసారి ఆ దుస్తుల్లోనే మొత్తం నడిచి చూడు, ఎక్కడ కాలికి తగులుతాయో అప్పుడే తెలుస్తుంది.

కోర్సు మారే కాగితం మీద ఈ పాత్ర అయ్యాక సంతకం పెట్టు.

ఆశీస్సులతో,
నాన్న