సీటు వచ్చిన సంతోషం, ఊరు వదిలే బెంగ: రెండూ నిజమే

సంపాదకులకు నమస్కారం.

పీజీ, పీహెచ్‌డీ ప్రవేశాల కాలంలో చదువుల పేజీల నిండా తేదీలు, అర్హతలు, ఉపకార వేతనాల వివరాలే ఉంటాయి. సీటు చేతికందాక, పెట్టె సర్దుకునే వేళ మనసు పడే అవస్థ గురించి మాత్రం ఎక్కడా కనిపించదు. కోరి, రాత్రింబవళ్లు చదివి తెచ్చుకున్న సీటే అయినా ప్రయాణం దగ్గరపడేకొద్దీ గుండె బరువెక్కుతుంది. దానికి తోడు ఒక అనుమానం మొదలవుతుంది: ‘సంతోషించాల్సిన సమయంలో ఈ దిగులేమిటి? కొంపదీసి తప్పు నిర్ణయం తీసుకున్నానా?’ బెంగ కన్నా ఈ అనుమానం చేసే నష్టమే ఎక్కువ. కొత్త చోట మనుషులు దగ్గరైతే బెంగ పలచబడుతుంది. అనుమానం పెరిగితే చదువు మధ్యలో ఆగిపోతుంది.

సంతోషం, దుఃఖం ఒకే క్షణంలో కలిసి ఉంటాయా అన్న ప్రశ్న మీద లార్సెన్, మెక్‌గ్రా, కాసియోపో అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లు ఎంచుకున్న సందర్భాల్లో రెండు విద్యార్థి జీవితానివే: హాస్టల్ ఖాళీ చేసే రోజు, పట్టా పుచ్చుకునే రోజు. మామూలు రోజుల కన్నా ఆ రోజుల్లో రెండు భావాలూ ఒకేసారి ఉన్నాయని చెప్పినవాళ్లు చాలా ఎక్కువమంది. అంటే ఒకటి నిజమై రెండోది పైపూత కాదు. బెంగ అనేది వెనక ఉన్నవాటి విలువకు కొలత. ముందున్న చదువు మంచిదా కాదా అన్నది దాన్నిబట్టి తేలదు.

ఈ ఇంటి బెంగకు వైద్యులు పేరు పెట్టి మూడు వందల ఏళ్లు దాటింది. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, గ్రీకు భాషలో ‘తిరిగి రావడం’, ‘నొప్పి’ అనే అర్థాలున్న రెండు మాటలు కలిపి ‘నాస్టాల్జియా’ అన్న పదం తయారుచేశాడు. అతను వివరించిన రోగుల్లో ఒకరు బెర్న్ నుంచి బాసెల్‌కు చదువు కోసం వచ్చిన కుర్రవాడే. దిగులుతో మంచం పట్టినవాడు, ఇంటికి పంపిస్తామని బయల్దేరదీస్తే దారిలోనే కోలుకున్నాడట. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 100 కిలోమీటర్లు. ‘పక్క ఊరికే కదా, దానికింత బెంగేమిటి’ అనే పెద్దలు ఈ సంగతి గమనించాలి. మనల్ని ఎరిగినవాళ్లు చుట్టూ లేకపోవడమే బాధ. అది వంద కిలోమీటర్లకైనా, సముద్రాలు దాటినా ఒకటే.

అందరూ చెప్పే ఓదార్పు ఒకటుంది: ‘కొన్నాళ్లుంటే అదే సర్దుకుంటుంది.’ ఈ మాటతో మాకు పేచీ ఉంది. అదే సర్దుకోదు. రోజులు గడిచినంత మాత్రాన కొత్త ఊరు సొంతమైపోదు. మనుషులతో గడిపిన గంటలు పోగవ్వాలి. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జెఫ్రీ హాల్ 2018లో ఈ గంటలనే లెక్కగట్టారు. గత ఆరు నెలల్లో ఊరు మారినవాళ్లను, కొత్తగా కళాశాలలో చేరిన విద్యార్థులను అడిగి తేల్చిన అంచనా ఇది: ముఖపరిచయం కాస్త స్నేహంగా మారడానికి 50 గంటలు, స్నేహితుడని చెప్పుకోవడానికి 90 గంటలు, ఆప్తుడు కావడానికి 200 గంటల పైన. పైగా ఒకే గదిలో పక్కపక్కన పనిచేసిన గంటలు అంతగా లెక్కకు రావని, తీరికగా గడిపిన గంటలే బంధాన్ని బిగిస్తాయని కూడా ఆయన గమనించారు.

పీజీ, పరిశోధన చదువుల్లో చిక్కంతా ఇక్కడే. డిగ్రీలో ఒకే తరగతి, ఒకే హాస్టలు, రోజంతా కలిసే తిరుగుడు. 200 గంటలు రెండు నెలల్లో వాటంతటవే వచ్చిపడతాయి. పీజీలో తరగతులు తక్కువ, పీహెచ్‌డీలో ఇంకా తక్కువ. ఎవరి ప్రయోగశాల వాళ్లది, ఎవరి పుస్తకం వాళ్లది. వారానికి రెండు గంటలు కలిస్తే 50 గంటలకు ఆరు నెలలు, 200 గంటలకు దాదాపు రెండేళ్లు పడుతుంది. అప్పటికి పీజీ అయిపోతుంది. ‘డిగ్రీలో ఇట్టే స్నేహితులు దొరికారు, ఇక్కడ ఎవరూ కలవడం లేదు, లోపం నాలోనే ఉంది’ అని పిల్లలు కుంగిపోవడానికి కారణం ఈ లెక్క తెలియకపోవడమే.

కాబట్టి గంటలను కావాలని సమకూర్చుకోవాలి. ‘ఎప్పుడైనా కలుద్దాం’ అన్న మాట సాధారణంగా అక్కడితోనే ఆగిపోతుంది. వారం, వేళ, చోటు మారని పని ఒకటి పెట్టుకోవాలి. మధ్యాహ్న భోజనం రోజూ ఒకే వేళకు, అదే ఇద్దరు ముగ్గురితో చేస్తే వారానికి ఐదు గంటలు, పది వారాలకు 50. దానికి ఆదివారం పొద్దున్నే ఏదో ఒక ఆట, నడక, సంగీతం, సేవ, ఏదైనా సరే రెండు గంటలది కలపాలి. ఒక్కసారి జరిగే స్వాగత సభల కన్నా ప్రతి వారం జరిగే చిన్న గుంపు మేలు. మొదటి రెండుసార్లు బెరుకుగా, విసుగ్గా ఉంటుంది. మూడోసారికి పేరు పెట్టి పిలుస్తారు. నాలుగోసారి రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. చాలామంది రెండోసారి తర్వాత మానేస్తారు, అదే పొరపాటు. ఆప్తులు దొరికేలోగా ముఖపరిచయాలను చులకన చేయకూడదు. తోటి విద్యార్థుల్లో మామూలు కన్నా ఎక్కువమందితో పలకరింపులు జరిగిన రోజున మనసు తేలికగా ఉన్నట్టు 2014లో శాండ్‌స్ట్రామ్, డన్ అనే పరిశోధకుల అధ్యయనంలో తేలింది. గ్రంథాలయంలో రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం, ఒకే వేళకు ఒకే దుకాణానికి వెళ్లడం ఉత్త అలవాట్లుగా కనిపిస్తాయి కానీ, మనల్ని గుర్తుపట్టే ముఖాలు వీటి వల్లే పెరుగుతాయి.

బస విషయంలో అద్దె ఒక్కటే చూసి మోసపోతారు. ఫెస్టింగర్, షాక్టర్, బాక్ అనే పరిశోధకులు అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో విద్యార్థి కుటుంబాల గృహాలను పరిశీలించి 1950లో పుస్తకం ప్రచురించారు. పక్కింటివారిని దగ్గరి స్నేహితులుగా చెప్పే అవకాశం 41 శాతం, ఒక ఇల్లు మధ్యలో ఉంటే 22 శాతం, అదే అంతస్తులో ఆ చివరా ఈ చివరా ఉంటే 10 శాతం. మధ్య దూరం పెద్దగా లేదు, తేడా మాత్రం నాలుగింతలు. మెట్ల పక్కన, ఉత్తరాల పెట్టెల పక్కన ఉన్నవాళ్లకు పై అంతస్తులవాళ్లతోనూ స్నేహాలు కలిశాయి. కనుక మొదటి ఏడాది మాత్రం కాస్త ఇరుకైనా, తోటి విద్యార్థులు ఉండే చోట, విభాగానికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండటమే మంచిది. దూరాన విశాలమైన ఒంటరి గది తీసుకుంటే సాయంత్రం ఆఖరి బస్సు కోసం లేచిపోవాలి. ఆ పోగొట్టుకున్న సాయంత్రాలే పైన చెప్పిన గంటలు.

ఫొటోలు చూసి ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. వీలైతే తరగతులకు పది, పదిహేను రోజుల ముందే చేరి, రెండు వారాలకు తాత్కాలిక బస చూసుకుని, ఈలోగా గదులు స్వయంగా చూడాలి. పగలు ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి వెళ్లాలి. చప్పుడు, వీధి దీపాలు, నడిచే దారిలో జనసంచారం రాత్రే తెలుస్తాయి. కుళాయి తిప్పి నీళ్ల ధార చూడాలి, గది లోపల ఫోన్ సిగ్నల్ అందుతోందో లేదో చూడాలి. అడ్వాన్సు ఎంత, ఏ కారణాలకు కోత పెడతారు, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మరమ్మతులు ఎవరి ఖర్చు అన్న నాలుగూ కాగితం మీద ఉండాలి. చేరిన రోజే గోడలు, తలుపులు, సామాను ఫొటోలు తీసి యజమానికి పంపితే, వెళ్లేటప్పుడు పాత గీతలకు డబ్బు కట్టాల్సిన పని ఉండదు.

డబ్బు దగ్గర మరో చిక్కు. ఉపకార వేతనం మంజూరైందంటే మొదటి నెలాఖరుకు చేతికొస్తుందని అనుకోవద్దు. చాలాచోట్ల గుర్తింపు కార్డు ఉంటేగానీ బ్యాంకు ఖాతా తెరవరు, చిరునామా రుజువు లేనిదే కార్డు ఇవ్వరు, ఖాతా సంఖ్య లేనిదే వేతనం బిల్లు కదలదు. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఆలస్యమైతే మిగతావన్నీ ఆగుతాయి. రెండు నెలల ఖర్చు విడిగా చేతిలో ఉండాలి. ధ్రువపత్రాల అసళ్లు చేతిసంచీలో, నకళ్లు పెట్టెలో, స్కాన్ చేసినవి ఇంట్లో ఒకరి దగ్గర, మెయిల్లో ఉంచుకోవాలి. రోజూ వాడే మందులుంటే కనీసం నెలకు సరిపడా తీసుకెళ్లాలి. చీటీ మీద కంపెనీ పేరు కాక మందు అసలు పేరు రాయించుకోవాలి, ఎందుకంటే కొత్త చోట ఆ కంపెనీ సరుకు దొరకకపోవచ్చు.

చేరిన మొదటి రాత్రి నిద్ర పట్టకపోతే అపశకునం అనుకోవద్దు. కొత్త చోట మొదటి రాత్రి గాఢనిద్రలో కూడా మెదడు ఎడమ భాగం సగం మేలుకునే ఉంటుందని, చిన్న చప్పుళ్లకు త్వరగా స్పందిస్తుందని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపించారు. రెండోసారి అదే చోట పడుకున్నప్పుడు అది కనిపించలేదు. కనుక చేరిన మర్నాడే గైడ్‌ను కలవడం, పరీక్ష రాయడం లాంటివి పెట్టుకోకూడదు. గది నచ్చిందా లేదా అన్న తీర్పూ ఆ పొద్దున్న ఇవ్వకూడదు.

ఇక ఫోన్. చెప్పాలంటే మనసు నొచ్చుకునే సంగతే, అయినా చెప్పక తప్పదు. రోజూ సాయంత్రం రెండు గంటలు ఇంటితో వీడియోలో మాట్లాడే విద్యార్థికి బెంగ తగ్గకపోగా పెరగవచ్చు. ఇంటి ప్రేమలో దోషమేమీ లేదు, వేళతోనే చిక్కు. తోటివాళ్లు భోజనానికి, ఆటకు కలిసేది సరిగ్గా ఆ గంటల్లోనే. రోజుకు ఇరవై నిమిషాలు, వేళ ముందే అనుకుని, పడుకునే ముందు మాత్రం కాకుండా మాట్లాడితే చాలు. రాత్రి అలసటలో ప్రతి దిగులూ రెట్టింపై కనిపిస్తుంది. అమ్మానాన్నలు అడిగే ప్రశ్న కూడా మారాలి. ‘బాగున్నావా? అలవాటైందా?’ అని అడిగితే పిల్లలు అబద్ధమైనా చెప్పాలి, ఏడవనైనా ఏడవాలి. ‘ఇవాళ ఏ దారిన వెళ్లావు? ఎవరి పక్కన కూర్చున్నావు? వాళ్లది ఏ ఊరు?’ అంటే చెప్పడానికి మాటలుంటాయి, చెబుతుంటే ఆ ఊరూ కాస్త దగ్గరవుతుంది. రెండు మాటలు మాత్రం మొదటి నెలలో అనకండి. ఒకటి, ‘బాగా లేకపోతే వచ్చెయ్యి.’ రెండు, ‘ఇంత ఖర్చుపెట్టి పంపాం.’ మొదటిది ఉండే ధైర్యాన్ని తీసేస్తుంది, రెండోది బాధ చెప్పుకునే దారిని మూసేస్తుంది.

మొదటిసారి ఇంటికి వచ్చే తేదీ బయల్దేరకముందే ఖాయం చేసుకోవాలి. ఐదారు వారాల తర్వాతైతే మంచిది. తేదీ కళ్లముందుంటే రోజులు లెక్కపెట్టుకోవడానికి వీలుంటుంది. ప్రతి శనివారం పరిగెత్తుకొచ్చేవాళ్లు రెండు ఊళ్లకూ చెందకుండా పోతారు. ఈలోగా చదువు మానేయాలన్న ఆలోచన వస్తే రాసి పెట్టుకోవాలి, తేదీ వేయాలి, మొదటి సెమిస్టరు ముగిసేదాకా దాని మీద నిర్ణయం తీసుకోకూడదు. విద్యార్థులను చేరిన రోజు నుంచి వెంబడించి చూసిన అధ్యయనాల్లో, మనస్తత్వ శాస్త్రవేత్త కొలీన్ వార్డ్ బృందం 1998లో ప్రచురించినదానితో సహా, మనసు అన్నింటికన్నా బరువుగా ఉన్నది మొదట్లోనే. అలాంటప్పుడు తీసుకున్న నిర్ణయం ఊరి గురించి కాదు, ఆ వారం గురించి అవుతుంది. వేధింపు, అభద్రత, దౌర్జన్యం ఉంటే మాత్రం ఈ నియమం వర్తించదు. వెంటనే బయటపడాలి.

ప్రతి దిగులూ ఇంటి బెంగ కాదని కూడా గుర్తుంచుకోవాలి. బెంగ పనిలో పడితే సడలుతుంది, ఆదివారం సాయంత్రం, జ్వరం వచ్చినప్పుడు తిరిగి పట్టుకుంటుంది. అలాకాక రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు, దేని మీదా ఆసక్తి లేకుండా, నిద్ర, ఆకలి తలకిందులై ఉంటే అది వైద్యం అవసరమైన కుంగుబాటు కావచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకూడదు, ఆ రోజే ఎవరికైనా చెప్పి వైద్యుడిని కలవాలి. 26 దేశాల్లో 2,279 మంది పరిశోధక, పీజీ విద్యార్థులు పాల్గొన్న 2018 నాటి సర్వేలో 39 శాతం మందికి మధ్యస్థం నుంచి తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. తమంతట తాము ముందుకొచ్చి జవాబిచ్చినవాళ్ల లెక్క కాబట్టి విద్యార్థులందరికీ ఇదే శాతమని చెప్పలేం. అయినా ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ఒంట్లో బాగున్న మొదటి వారంలోనే చూసి పెట్టుకోవాలి. బాగా లేని రోజున వెతికే ఓపిక ఉండదు.

విశ్వవిద్యాలయాల విభాగాధిపతులకు రెండు విన్నపాలు. స్వాగత సభకు పెట్టే ఖర్చులో కొంత మిగిల్చి, మొదటి పది వారాలూ వారానికొక మధ్యాహ్నం కొత్తవాళ్లందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ప్రతి కొత్త విద్యార్థికీ వేరే గైడ్ దగ్గర పనిచేసే ఒక సీనియర్‌ను తోడుగా చూపండి. అదే గైడ్ దగ్గరివారైతే కష్టం చెప్పుకోవడానికి జంకుతారు. ఇక మీ పత్రికకు ఒకే ఒక్క కోరిక: ప్రవేశాల ప్రకటన వేసిన పేజీలోనే, తరగతులు మొదలయ్యే వారంలో, ఈ బెంగ గురించి కూడా నాలుగు ముక్కలు వేయండి.

ఇట్లు,
విద్యార్థుల సలహా విభాగంలో పనిచేస్తున్నవారు