గోడకు అదిమితేనే ప్రేమా?

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ రెండో ఏడు చదివే నా మనవరాలు రాత్రి 11 దాటినా ఫోన్ వదలదు. రీల్స్ చూస్తోందేమో అనుకున్నాను. అడిగితే కథలట, అదీ తెలుగులోనే. బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, సంబరపడి నేనూ చదువుతానన్నాను. ఒక ప్రేమకథ నాలుగు భాగాలకే కళ్లజోడు తీసేశాను. హీరో తను ఇష్టపడ్డ పిల్ల ఫోన్ లాక్కుని, క్లాసులోని అబ్బాయిల నంబర్లన్నీ చెరిపేస్తాడు. వద్దంటున్నా మణికట్టు పట్టి గోడకు అదుముతాడు. చెయ్యి కందిపోయిందని రాసి, ఆ వెంటనే ‘నా మీద ఇంత ప్రేమా!’ అని ఆ పిల్లతోనే అనిపించారు.

“ఏం పాపా ఇది?” అంటే, “పొసెసివ్‌నెస్ అవ్వా. ఇష్టముంటేనే అట్ట చేస్తారు” అంది.

ముద్దులు రాయొద్దని నేననను. పదిహేడేళ్లకు మనసు పడటం తప్పనేంత ముసలిదాన్ని ఇంకా కాలేదు. కానీ ఇష్టం లేదని ఆడపిల్ల తేల్చి చెప్పాక కూడా వెంటపడితే, భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద మొదటిసారికే 3 ఏళ్ల దాకా జైలు. కథలో అదే పనికి చదివినవాళ్ల 5 స్టార్లు!

మొన్న చిత్తూరు నుంచి తిరుపతి వస్తుంటే బస్సులో నా పక్క వరసలో ఒక కాలేజీ జంట కూర్చుంది. అమ్మాయి కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. అబ్బాయి ఏమీ అడగలేదు. పూతలపట్టులో ఉడకేసిన చెనక్కాయల పొట్లం కొని, ఒక్కొక్కటే ఒలిచి ఆమె ఒళ్లో ఉన్న కర్చీఫ్ మీద పెడుతూ వచ్చాడు. చాలాసేపు ఆమె ముట్టలేదు. చంద్రగిరి దగ్గర రెండు గింజలు తీసి అతని చేతిలో పెట్టింది. గోడకు అదమడం ఒక్క వాక్యంలో అయిపోతుంది, ఇది రాయాలంటే మనుషుల్ని చూసి ఉండాలి.

ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. నేను వెళ్లే లైబ్రరీలో పోటీ పరీక్షల పుస్తకాలకు లోటు లేదు. ఈ వయసు పిల్లలకు మాత్రం బొమ్మల కథలు దాటితే లావుపాటి నవలలే గతి. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లోనైనా వీళ్లకంటూ ఒక అర పెట్టి, ఏ పుస్తకాలు కావాలో వీళ్లనే అడగాలి. మీ ఆదివారం అనుబంధంలోనూ వీళ్ల కోసం నెలకొక కథ వేయండి. చదివేవాళ్లు ఉన్నారు. ఆ బస్సు సంగతి చెబితే మా పాప ఫోన్ పక్కన పెట్టి, “తర్వాతేమైంది అవ్వా?” అని రెండుసార్లు అడిగింది.

— ఒక రిటైర్డ్ తెలుగు టీచర్, తిరుపతి