కోఠి గుజరాతీ గల్లీ పెద్దాయనకు కృతజ్ఞతలు

ఇంగ్లిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి ఎల్పీ రికార్డు ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ గుండె చప్పుడుతో మొదలై, గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. పాత రికార్డ్ ప్లేయర్ మీద ఆ గుండె ఈడ్చుకుంటూ కొట్టుకుంది, శ్రుతి దిగిపోయింది. అంతకుముందు చూపించిన రెండు చోట్లా మోటారు పోయిందన్నారు.

మీరు మోటారు జోలికే పోలేదు. ప్లాటర్ (రికార్డు పెట్టే తిరిగే పళ్లెం) ఎత్తి, సాగిపోయిన రబ్బరు బెల్టు తీసి చూపించారు. పుల్లీ మీది జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్త బెల్టు వేశారు. దాన్ని ఒట్టి వేళ్లతో ముట్టుకోవద్దన్నారు, చేతి జిడ్డు తగిలితే మళ్లీ జారుడేనట. ఆపైన ప్లాటర్ అంచున కాగితం ముక్క అంటించి, గడియారం చూస్తూ, మూడు నిమిషాల్లో సరిగ్గా 100 చుట్లు లెక్కపెట్టారు. ఎల్పీ వేగం నిమిషానికి 33⅓ చుట్లు అంటే అంతే కదా! షాపు కట్టేసే వేళ అంత ఓపిక ఎవరికుంటుంది? సూది రికార్డు మీద మోపే బరువు కూడా తూచి, మూడున్నర గ్రాములున్నదాన్ని ఆ సూదికి తగ్గట్టు రెండుకు దించారు. లేకుంటే రికార్డు గాడి అరిగిపోయేది.

తీసుకున్నది బెల్టు డబ్బులే. మీ పేరైనా అడగలేదు, శతకోటి దండాలు. రెండో వైపు మొదట్లో, ‘మనీ’ పాటలో వచ్చే గల్లాపెట్టె చప్పుళ్లు ఇప్పుడు ఏడు దెబ్బల లెక్కలో కొలిచినట్టు పడుతున్నాయి.