నోట్సు గందరగోళం నుంచి బయటపడేసిన అందరికీ

పుస్తకాలు చదివి మ్యాజిక్ నేర్చుకునేవాడు నోట్సు ఎలా పెట్టుకోవాలి అని నేను అడిగిన ప్రశ్నకు ఇంతమంది ఇంత ఓపికగా జవాబు చెబుతారనుకోలేదు. విడివిడిగా అందరికీ రాయడం నా వల్ల కాలేదు, అందుకే అందరికీ కలిపి ఇక్కడే చెప్పుకుంటున్నాను. పేర్లు బయటపెట్టొద్దని కొందరు ముందే అన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చెప్పిన మాటను బట్టి ఎవరికి వారే గుర్తుపడతారు.

నా అవస్థ తెలియనివాళ్లకు రెండు మాటలు. మ్యాజిక్ నాకు జీవనోపాధి కాదు, సరదా. పనయ్యాక పేక కట్ట చేతిలో పట్టుకుని కూర్చునే రకం. గురువంటూ ఎవరూ లేరు, ఉన్నదల్లా పుస్తకాలే. చదివింది కాసేపు నోటుబుక్కులో, అది అందకపోతే చిత్తుకాగితం మీద, అదీ లేకపోతే ఫోన్లో ఫోటోగా. నాణేలతో చేసే ఒక చిన్న ఐటమ్ కావాలంటే అది ఏ పుస్తకంలో చదివానో వెతకడానికే సాయంత్రం అయిపోయేది. సాధనకు పోవాల్సిన సమయం వెతుకులాటకు పోతోంది, ఏం చేయమంటారు అన్నదే నా ప్రశ్న.

ఏళ్ల తరబడి స్టేజీ మీద చేసి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న మాస్టారికి ముందుగా దణ్ణం. ఆయన జవాబు చాలా చిన్నది. "పుస్తకాన్ని నోట్సులోకి ఎక్కించకు బాబూ. పుస్తకం ఎలాగూ బీరువాలో ఉంది. ఏ పేజీలో ఉందో రాసుకో, పేజీలో లేనిది రాసుకో." దీంతో నా పని సగానికి పైగా తగ్గింది. ఇప్పుడు ఒక్కో ఐటమ్‌కు ఒక్కో అట్టముక్క. పైన ఐటమ్ పేరు, కనిపెట్టిన మనిషి పేరు, పుస్తకం, పేజీ. కింద, చూసేవాళ్లకు ఏం కనిపిస్తుందో ఒక్క వాక్యం. రహస్యం రాయను, కావాలంటే పేజీ తెరుస్తాను. మిగిలిన చోటంతా పుస్తకం చెప్పనివాటికే: నా చిటికెన వేలు పొట్టిది కాబట్టి కట్టను కాస్త కిందికి పట్టుకోవాలి, ఎడమపక్క కూర్చున్నవాళ్లకు అరచేతి లోపల కనిపించిపోతుంది, ఈ దగ్గర మాటకూ చేతికీ పొంతన కుదరడం లేదు, ఇలాంటివి.

ఆయనే ఇంకోటి అడిగారు. "ఐటమ్ అయ్యాక కట్ట ఏ స్థితిలో మిగులుతుందో రాశావా?" అది నాకు తట్టనే లేదు. పేకతో చేసేవాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో ఆలోచించిన కొద్దీ తెలుస్తోంది. కొన్ని ఐటమ్‌లకు ముక్కలు ముందే ఒక వరసలో పేర్చి ఉండాలి. కొన్ని ఆ వరసను చెడగొడతాయి, కొన్ని చెడగొట్టకుండా వదిలేస్తాయి. కొన్నిటి చివర నాలుగు ఆసులు పైకి వచ్చి కూర్చుంటాయి, అంటే తరవాతి ఐటమ్‌కు సగం ఏర్పాటు ఊరికే దొరికినట్టే. ముందూ వెనకా స్థితులు రెండూ రాసుకున్న అట్టముక్కల్ని బల్ల మీద పరిచి చూస్తే ఏది దేని తరవాత రావాలో వాటంతట అవే చెబుతున్నాయి. ఇప్పుడు నా దగ్గర పది నిమిషాల వరస ఒకటి తయారైందంటే అది ఈ ప్రశ్న పుణ్యమే.

సరే, అట్టముక్కలు రాశాం, వాటిని ఏ క్రమంలో పెట్టాలి? దీని మీద మీలో మీకే వాదం నడిచింది, నేను పక్కన కూర్చుని ఆనందించాను. చూసేవాళ్లకు కనిపించే వింతను బట్టి విభజించమని కొందరన్నారు: మాయమవడం, పుట్టుకురావడం, చోటు మారడం, రూపు మారడం, తెగింది అతుక్కోవడం, మనసులో మాట చెప్పడం. మ్యాజిక్ రచయిత డేరియల్ ఫిట్జ్‌కీ 1944లో ఇలాంటి మూల ఫలితాలను 19గా లెక్కగట్టాడని గుర్తు చేసినవారికి ధన్యవాదాలు. ఆ జాబితా కొత్త ఐటమ్ అల్లుకునేవాడికి బంగారం. నాలాంటివాడికి మాత్రం అవసరం వేరే చోట ఉంది. ఎవరో "ఏదీ, ఒకటి చెయ్యి" అన్నప్పుడు నా బుర్రలో వచ్చే ప్రశ్న "మాయం చేయనా, మార్చనా" అని కాదు. "ఇప్పుడు చేతిలో ఏముంది, వెనక ఎవరైనా నిలబడ్డారా, బల్ల ఉందా" అని. అందుకే పరిస్థితిని బట్టి పెట్టుకోమన్న తమ్ముడి మాటే పాటించాను. ఎరువు తెచ్చిన కట్టతో చేయగలిగేవి ఒక దొంతర. ముందే పేర్చుకోవాల్సినవి ఒకటి. బల్ల లేకుండా నిలబడి చేసేవి ఒకటి. చుట్టూ జనం ఉన్నా ఇబ్బంది లేనివి ఇంకొకటి, అది ప్రస్తుతానికి చాలా పల్చగా ఉంది.

గ్రంథాలయంలో పనిచేసే అక్క చెప్పింది మాత్రం ఈ రంగంతో సంబంధం లేనివాళ్లే చెప్పగలిగిన మాట. "ఒకే వస్తువుకు రెండు పేర్లుంటే రెండు పేర్ల దగ్గరా చీటీ పెట్టు, ఒకటి ఇంకోదాని వైపు చూపించాలి" అంది. మనకు ఈ తలనొప్పి ఎంతుందో ఆమెకు తెలియదు పాపం. పేక ముక్కలు లెక్కపెడుతున్నట్టు కనిపిస్తూనే ఒకదాన్ని దాచే మెళకువ ఒకటుంది. ఎల్మ్‌స్లీ కౌంట్ అని ఇవాళ అందరం పిలిచే దాన్ని అలెక్స్ ఎల్మ్‌స్లీ మొదట గోస్ట్ కౌంట్ అన్నాడు. 1902లో ఎర్డ్‌నేస్ పేరుతో వచ్చిన పేక పుస్తకంలో షిఫ్ట్ అని కనిపించేది, అంటే కట్ట పై సగాన్నీ కింది సగాన్నీ రహస్యంగా తారుమారు చేయడం, మిగతా చోట్ల పాస్. ఇది తెలియక రెండిటికీ వేరువేరుగా నోట్సు రాసుకుంటూ పోయేవాళ్లు నాకు తెలిసి ఇంకా ఉన్నారు. నోటుబుక్కు చివరి పేజీల్లో ఇప్పుడు జంట పేర్ల పట్టిక ఒకటి ఉంది, కొత్తది కనిపించినప్పుడల్లా పెరుగుతోంది.

ఇక చదవడం సంగతి. నిజానికి నేను అడిగింది నోట్సు గురించే, చదివే పద్ధతి కూడా మార్చుకోమని మీరే చెప్పారు. అందరికంటే పనికొచ్చిన చిట్కా: చేతులు రెండూ పేకతో నిండి ఉంటే పేజీ తిప్పేదెవరు? అందుకని ఆ వర్ణనను నెమ్మదిగా, ఒక్కో కదలికకూ ఆగుతూ మన గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసుకుని, అది వింటూ చేతులు కదపాలి. ఎంత చిన్న సంగతో, ఎంత తేడా! పైగా పైకి చదువుతున్నప్పుడే అర్థం కాని వాక్యాలు బయటపడతాయి. కళ్లతో చదివితే జారిపోయే "ఉంగరపు వేలి కొస" లాంటి ముక్కలు నోటితో చదివితే జారవు. ఎర్డ్‌నేస్ గద్యం అలాంటిదే. ఒక్క వాక్యంలో నాలుగైదు వేళ్ల స్థానాలు కూరి ఉంటాయి. కామా దగ్గరల్లా ఆగి ఆ ఒక్క వేలునే సర్దుకో అన్నవారికి నా వేళ్లన్నీ రుణపడి ఉన్నాయి. (ఆ రచయిత అసలు ఎవరో వందేళ్లు దాటినా తేలలేదు. ఇంతకంటే మంచి మాయం చేసే ఐటమ్ నేనైతే చూడలేదు.)

బొమ్మల విషయంలో హెచ్చరించినవారికీ కృతజ్ఞతలు. బొమ్మ గీసింది చేసేవాడి వైపు నుంచా, చూసేవాడి వైపు నుంచా అన్నది ముందు తేల్చుకోవాలి. లేకపోతే కుడి ఎడమలు తారుమారై ఆ పట్టే చేతికి అలవాటైపోతుంది. ఎడమచేతి వాటం ఉన్న చిన్న మిత్రుడు ఒకడు తన తిప్పలు చెప్పుకున్నాడు. అతనికి వచ్చిన సలహా నాకు నచ్చింది: పుస్తకంలో కుడి అన్న ప్రతిచోటా పెన్సిలుతో ఎడమ అని దిద్దుకోవాలట, మనసులో తిప్పుకుంటూ చదవడం కంటే అదే తేలిక.

ఏ పుస్తకాన్ని ఏ రకంగా చదవాలో విడమరిచిన లెక్కల టీచరుగారి మాట కూడా బాగా పట్టింది. హ్యూగార్డ్, బ్రావే కలిసి రాసిన పేక పుస్తకం పాఠ్యపుస్తకం. ఒక అధ్యాయంలో ఒక మెళకువ, ఆ వెంటనే దానితో చేసే ఐటమ్‌లు. అది వరసగానే చదవాలి. 1952లో వచ్చిన బోబో నాణేల పుస్తకం సంకలనం. దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా సాధన చేస్తానంటే ఎవరికీ సాధ్యం కాదు, కావాల్సింది ఏరుకోవాలి. టార్బెల్ మ్యాజిక్ పాఠాలు 1920ల్లో పోస్టులో నడిచిన కోర్సుగా మొదలయ్యాయి, పుస్తకాలుగా కట్టింది తరవాత. ఇప్పుడు మొత్తం సంపుటాలు ముందు పెట్టుకున్నవాడికి పాఠాలు దాటేసి ముందుకు దూకే స్వేచ్ఛ ఎక్కువ, అదే ప్రమాదం అంటారు టీచరుగారు. నేను దూకకుండా ఉండాలని తరవాతి అధ్యాయానికి రబ్బరు బ్యాండు వేసి పెట్టుకున్నాను. నవ్వకండి.

వీడియోలా, పుస్తకాలా అన్న గొడవలో నాకు ఒక పక్షం లేదు. వీడియోలు చూడనే వద్దు అన్నవారితో పూర్తిగా ఏకీభవించలేను. ఎప్పుడు చేయి కదలాలి, ఎంతసేపు ఆగాలి అన్న లయ అక్షరాల్లో పట్టుబడదు. కానీ వీడియో చూసి నేర్చుకుంటే ఆ మనిషి నవ్వూ, ఆ మనిషి భుజం ఎగరేయడమూ కూడా అంటుకుంటాయన్నది నిజం. పుస్తకం వేలు ఎక్కడుండాలో చెప్పి ఊరుకుంటుంది, మాట మనమే వెతుక్కోవాలి. పాతకాలపు ఫ్రెంచి మాంత్రికుడు రాబర్ట్ హుడిన్ (హుడినీ కాదు, హుడినీ పేరు పెట్టుకున్నది ఈయన్ని చూసే) గడియారాల పుస్తకం కొనబోతే దుకాణంలో పొరపాటున మ్యాజిక్ పుస్తకాలు చేతికొచ్చాయని ఆత్మకథలో రాసుకున్నాడు. నాలుగు బంతులు గాల్లో తిప్పుతూ ఎదుట పెట్టుకున్న పుస్తకం చదివేలా సాధన చేశానని కూడా చెప్పాడు. చేతులు తమ పని తాము చేసుకుంటుంటే బుర్ర వేరే పని చేయగలగాలి, మనకు కావాల్సింది సరిగ్గా అదే కదా.

మాటల సంగతికొస్తే, ప్రతి ఐటమ్‌కూ చెప్పే మాటలు అక్షరం పొల్లుపోకుండా, ఇంట్లో మాట్లాడే తీరులోనే రాసుకోమన్నారు. మొదట నాకు ఇది అతి అనిపించింది. రాసి చూస్తే తెలిసింది, సగం మాటలు చేతి పనిని వర్ణించేవే. "ఇప్పుడు ఈ ముక్కను మధ్యలో పెడుతున్నాను" అని చెప్పడం దేనికి, వాళ్లు చూస్తూనే ఉన్నారుగా. అవన్నీ కొట్టేస్తే మిగిలిన నాలుగు వాక్యాల్లోనే ప్రాణం ఉంది.

ప్రదర్శన అయ్యాక రాసుకోవాల్సినవాటిలో ఒకటి నాకు భలే నచ్చింది. చూసినవాళ్లు మర్నాడు మరొకరికి ఆ ఐటమ్ ఎలా చెబుతున్నారో విని, వాళ్ల మాటల్లోనే రాసుకోవాలట. నేను చేయనివి కూడా చేశానని చెబుతున్నారు! కట్టను నేను ముట్టుకోనే లేదని ఒకాయన ప్రమాణం చేసినంత పని చేశాడు. ఆయన మరిచిపోయిన క్షణమే ఆ ఐటమ్‌లో బాగా కుదిరిన చోటని అట్టముక్క మీద రాసి పెట్టుకున్నాను.

అద్దం ముందు సాధన చేస్తే రహస్య కదలిక వచ్చే సరికి మనమే కళ్లు ఆర్పుతామని, కెమెరాలో చూసుకోమని చెప్పినవారు సరిగ్గా చెప్పారు. చూసుకున్నాను. అంతకు మించి ఏమీ చెప్పను.

ఎర్డ్‌నేస్ ప్రతిని ఎరువిచ్చిన అన్నయ్యా, మీ పెన్సిలు గీతలన్నీ అలాగే ఉన్నాయి, వాటి పక్కన నేనేమీ రాయలేదు. రెండు అధ్యాయాలు మిగిలాయి, అవి కాగానే పంపిస్తాను. అట్టముక్క నమూనా అడిగినవాళ్లకు ఖాళీది ఒకటి పంపుతాను. అందులో "అయ్యాక కట్ట స్థితి" అనే గడిని పెద్దదిగా గీశాను. నాణేలో తాళ్లో వాడేవాళ్లు దాని స్థానంలో "అయ్యాక ఏ జేబులో ఏముంది" అని మార్చుకుంటే సరిపోతుంది.