470 గెలుపులు ఆటల పేజీకి చాలవా?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ క్రీడల పేజీలో, ఏళ్ల తరబడి ఓడిపోకుండా ఆడినవాళ్ల గురించి ఒక పెద్ద వ్యాసం వేశారు. స్క్వాష్‌లో జహంగీర్ ఖాన్ ఉన్నాడు. 400 మీటర్ల హర్డిల్స్‌లో వరసగా 122 పరుగులు గెలిచిన ఎడ్విన్ మోజెస్ ఉన్నాడు. టెన్నిస్ దగ్గరికొచ్చేసరికి 1984లో వరసగా 74 మ్యాచ్‌లు గెలిచిన మార్టినా నవ్రతిలోవా పేరు రాసి, టెన్నిస్‌లో ఇంతకు మించి ఎవరూ పోలేదని ముగించారు. ఆ మాట తప్పు. నెదర్లాండ్స్ క్రీడాకారిణి ఎస్తర్ వెర్గీర్ వీల్‌చైర్ టెన్నిస్‌లో వరసగా 470 సింగిల్స్ మ్యాచ్‌లు గెలిచింది. డెబ్బై నాలుగు ఎక్కడ, నాలుగు వందల డెబ్బై ఎక్కడ?

సవరణ వేస్తారేమోనని రోజూ చూశాను. వేయలేదు. పైగా నాలుగు రోజుల తర్వాత ఫ్యామిలీ పేజీలో, వంటల శీర్షిక పక్కన, అదే ఎస్తర్ ఫొటోతో చిన్న బాక్సు కనిపించింది. 'వీల్‌చైర్‌కే పరిమితమైనా చెదరని చిరునవ్వు' అని దానికి హెడ్డింగు. అందులో ఆపరేషన్ ఉంది, అమ్మానాన్నల కన్నీళ్లు ఉన్నాయి, మనోధైర్యం ఉంది. ఒక్క స్కోరు లేదు. ఎవరిని ఓడించిందో లేదు. ఆటల పేజీలో చోటు దొరకని మనిషికి జాలి పేజీలో మాత్రం చోటు దొరికింది. ఇది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ఆడేవాళ్ల గురించి రాస్తే ముందు ఆట గురించి రాయాలి. మీరు వదిలేశారు కాబట్టి నేను రాస్తాను.

ఎస్తర్ 1981లో వుర్డెన్ అనే ఊళ్లో పుట్టింది. వెన్నుపాము దగ్గర రక్తనాళాల్లో వచ్చిన ఇబ్బందికి ఎనిమిదేళ్ల వయసులో ఆపరేషన్ చేస్తే కాళ్లు పడిపోయాయి. మీ బాక్సు ఇక్కడే ఆగిపోయింది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. పునరావాస కేంద్రంలో ఆమె కుర్చీలో కూర్చునే వాలీబాల్, బాస్కెట్‌బాల్, టెన్నిస్ నేర్చుకుంది. 1997లో యూరప్ చాంపియన్‌షిప్ గెలిచిన డచ్ వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ జట్టులో ఆమె ఉంది. ఆ తర్వాత టెన్నిస్‌కే అంకితమై, 1999లో ప్రపంచ నంబర్ వన్ అయింది. 2003 జనవరిలో సిడ్నీలో ఆస్ట్రేలియా క్రీడాకారిణి డానియెలా డి టోరో చేతిలో ఓడింది. సింగిల్స్‌లో అదే ఆమె చివరి ఓటమి. 2013 ఫిబ్రవరిలో ఆట మానేస్తున్నానని చెప్పేదాకా మళ్లీ ఎవరూ ఆమెను ఓడించలేదు. పదేళ్లు! ఆమె ఓడిన ఏడాది ఆరో తరగతిలో చేరిన పిల్ల, ఆమె రిటైరయ్యేసరికి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంటుంది.

సిడ్నీ, ఏథెన్స్, బీజింగ్, లండన్ - నాలుగు పారాలింపిక్స్‌లోనూ సింగిల్స్ స్వర్ణం ఆమెదే. డబుల్స్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు 21.

ఈ సంగతి మా కాలనీలో ఒక పెద్దాయనతో అంటే, "అక్కడ పోటీ ఉండదు కదమ్మా" అన్నారు. మీ డెస్కులో కూడా ఇదే అనుకుని ఉంటారని నా అనుమానం. 2008 బీజింగ్ ఫైనల్ గురించి ఒకసారి చదవండి. అవతల తన దేశం అమ్మాయే, కోరీ హోమన్. మొదటి సెట్ ఎస్తర్ 6-2తో గెలిచింది, రెండోది 4-6తో పోగొట్టుకుంది. మూడో సెట్‌లో హోమన్ చేతికి మ్యాచ్ పాయింట్ వచ్చింది. ఆ ఒక్క బంతి అటో ఇటో అయితే అయిదేళ్ల పైబడిన జైత్రయాత్ర పారాలింపిక్స్ ఫైనల్లోనే ముగిసేది. ఎస్తర్ దాన్ని కాచుకుని, టైబ్రేక్‌లో గెలిచింది. డబుల్స్ ఫైనల్లో ఇదే హోమన్, షారన్ వాల్‌రావెన్‌తో కలిసి ఎస్తర్ జంటను ఓడించింది. పోటీ లేదని ఎలా అంటాం?

ఆమెకు పోటీ ఇంట్లోనే ఉండేది. 1992 బార్సిలోనా నుంచి టోక్యో దాకా పారాలింపిక్స్ మహిళల వీల్‌చైర్ సింగిల్స్ స్వర్ణం ప్రతిసారీ డచ్ వాళ్లే గెలిచారు. 2024లో పారిస్‌లో జపాన్ క్రీడాకారిణి యుయి కమిజి వచ్చి ఆ వరస తెంపింది. అలాంటి దేశంలో నంబర్ వన్‌గా ఉండటమే ఒక పరీక్ష.

ఇక ఆట ఎంత కష్టమో. కోర్టు కొలత అదే, నెట్ ఎత్తు అదే, బంతి అదే. బంతి రెండుసార్లు నేలను తాకేదాకా ఆగే వీలు ఒక్కటే తేడా. రాకెట్ పట్టుకున్న చేత్తోనే చక్రం కూడా తొయ్యాలి. కొట్టిన వెంటనే కుర్చీ తిప్పుకోవాలి. పక్కకు అడుగు వేసే వీలుండదు కాబట్టి బంతి ఎక్కడికి వస్తుందో అందరికన్నా ముందే పసిగట్టాలి. ఎస్తర్ బలం అక్కడే. ఆమె మ్యాచ్‌ల వీడియోలు చూడండి, అవతలివాళ్లు కొట్టేసరికి ఆమె కుర్చీ అప్పటికే కదులుతూ ఉంటుంది.

ఇంత ఆడినా వింబుల్డన్ సింగిల్స్ ట్రోఫీ ఆమె దగ్గర లేదు. ఓడిపోయి కాదు. అక్కడ వీల్‌చైర్ సింగిల్స్ పెట్టిందే 2016లో, ఆమె రిటైరైన మూడేళ్లకు. అంతవరకూ డబుల్స్ మాత్రమే. గడ్డి మీద చక్రాలు సరిగా కదలవన్న మాట ఏళ్ల తరబడి వినిపించింది. పెట్టాక మాత్రం ఆట బాగానే సాగింది, సాగుతోంది. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

'పరిమితమైన' అనే మాట గురించి కూడా చెప్పాలి. కుర్చీ ఆమెను ఎక్కడా ఆపలేదు, ఆమెను కోర్టులోకి తీసుకెళ్లింది ఆ కుర్చీయే. నేను ఈ మాట ఊరికే అనడం లేదు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక బడిలో పోలియో వచ్చిన అమ్మాయి ఉండేది. గేమ్స్ పీరియడ్‌లో ఆమెను వరండాలో కూర్చోబెట్టి, మిగతా పిల్లల చెప్పులకూ టిఫిన్ డబ్బాలకూ కాపలా పెట్టేదాన్ని. దెబ్బ తగులుతుందేమోనని నా భయం. మూడేళ్లు అలా చేశాను. ఒక్కసారి కూడా ఆమె చేతికి బంతి ఇవ్వలేదు. అది నా తప్పు. ఆ అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. మీ బాక్సు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపి ఒకే ప్రశ్న అడిగింది: "మేడమ్, ఈమె ఎవరి మీద గెలిచింది?" మీ వార్తలో జవాబు లేదు.

అధికారుల సంగతి కూడా ఇంతే. ప్రతి డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవం నాడు, వేదిక మీద వీల్‌చైర్లు పంచి ఫొటోలు దిగుతారు. ఆ కుర్చీలో ఆట స్థలానికి వెళ్దామంటే గేటు దగ్గరే మూడు మెట్లు. మా దగ్గరి స్టేడియంలో ర్యాంపు ఉంది గానీ, అది ఎంత నిటారుగా ఉందంటే వెనక ఇద్దరు తొయ్యనిదే కుర్చీ ఎక్కదు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలన్న లెక్క ఇంజినీర్లకు తెలియదా? మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పట్టదు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, గడువులు పెట్టారు, గడువులు దాటాయి. అడిగితే ఫండ్స్ రాలేదంటారు. పారిస్ పారాలింపిక్స్‌లో మన దేశానికి 29 పతకాలు వచ్చాయి. మన ఓరుగల్లు బిడ్డ దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఇన్ని పతకాలు వచ్చాకైనా ఆ మూడు మెట్లు కొట్టించడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

ఎస్తర్ ఆట మానేశాక కూడా ఆటలోనే ఉంది. రోటర్‌డామ్‌లో జరిగే వీల్‌చైర్ టోర్నమెంటు నిర్వహణ చూసింది. టోక్యో, పారిస్ పారాలింపిక్స్‌కు డచ్ బృందాన్ని నడిపించింది. 2023లో అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు. ఆ రోజు కూడా మీ పేజీ తిరగేశాను. ఒక్క లైను లేదు.

నేను అడిగేవి రెండు. క్రీడల పేజీలోనే, ఆ వ్యాసం వచ్చిన చోటే, 470 అంకెతో సవరణ వేయండి. వచ్చే గ్రాండ్‌స్లామ్ నుంచి పురుషుల, మహిళల ఫైనల్ స్కోర్ల కింద వీల్‌చైర్ సింగిల్స్ ఫైనల్ స్కోరు కూడా ఇవ్వండి. ఎవరు ఎవరిని ఎంత తేడాతో ఓడించారో, ఒక్క లైను చాలు.

- విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు, హనుమకొండ